పాత బండి, కొత్త చుక్కాని

పాత బండ్ల మీద మమకారం ఉన్నవాళ్ళు ఇంజను గురించి, రంగు గురించి గంటల తరబడి మాట్లాడతారు. స్టీరింగు పెట్టె గురించి మాట్లాడేవాళ్ళు నాకు ఇంతవరకూ ఒకరిద్దరు తప్ప తారసపడలేదు. అది బానెట్ ఎత్తగానే కంటికి ఇంపుగా కనిపించే వస్తువు కాదు. ఎడమవైపు చట్రాన్ని కరచుకుని, నూనె మరకలతో, మట్టి పెచ్చులతో ఒక మూల పడి ఉంటుంది. కాని, బండి మన మాట వింటోందా లేదా అన్నది తేల్చేది అదే. ఇంజను ఆగిపోతే బండి నిలిచిపోతుంది, అంతే. స్టీరింగు మాట వినకపోతే బండి నిలవదు, తనకు తోచిన దారిన పోతుంది.

నా దగ్గర 1985 నాటి షెవర్లే సీ-10 పికప్ ఉంది. ఇండియానాలో మా పక్కవీధి పెద్దాయన ఒకరు వ్యవసాయం మానుకుంటూ నాకు అమ్మారు. మట్టి, కట్టెలు, ఇంటి సామాను మోయడానికి కొన్నానే గాని, పాత వస్తువులను పూజించే అలవాటు నాకు లేదు. గత ఏడాది ఈదురుగాలి వీస్తున్న ఒక సాయంత్రం రెండు వరుసల దారిలో వెళుతుండగా ఎదురుగా పెద్ద సరుకుల లారీ వచ్చింది. అది దాటిన క్షణంలో గాలి తోపుకి నా బండి నడిమి గీత వైపు జరిగింది. నేను చక్రాన్ని కుడికి తిప్పాను. నాలుగు వేళ్ళ వెడల్పు తిప్పేదాకా ముందు చక్రాలకు ఆ కబురు అందలేదు. ఏ ప్రమాదమూ జరగలేదు. కాని మా అబ్బాయికి పదహారో ఏడు వస్తోందనీ, వాడు బండి నడపడం నేర్చుకోబోయేది దీని మీదేననీ గుర్తొచ్చి ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

ఇలాంటి స్థితిలో ఎవరైనా మొదట చేసే పని కొత్త పెట్టె ధర ఎంతో వాకబు చేయడం. నేనూ అదే చేశాను. అదే నా మొదటి తప్పు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ తప్పూ, దాని తరువాత చేసిన మరో రెండు తప్పులూను.

ముందుగా ఆ పెట్టెలో ఏముంటుందో చెప్పాలి, లేకపోతే మిగిలిన వాదన గాలిలో నిలబడుతుంది. స్టీరింగు చక్రం కింద ఉన్న కడ్డీ చివర ఒక మరచుట్టు ఉంటుంది. దాని మీద ఒక దిమ్మ ఎక్కి ఉంటుంది. మరచుట్టు గాడికీ దిమ్మ గాడికీ మధ్య ఉక్కు గోళీలు దొర్లుతుంటాయి. మరచుట్టు తిరిగితే గోళీలు దొర్లుతూ దిమ్మను ముందుకో వెనక్కో జరుపుతాయి. చివరకు చేరిన గోళీలు ఒక చిన్న గొట్టం గుండా మళ్ళీ మొదటికి వచ్చి చేరతాయి. ఆ దిమ్మ పక్కన ఉన్న పళ్ళు సెక్టర్ షాఫ్టు పళ్ళను తిప్పుతాయి. ఆ షాఫ్టు కింది కొసకు బిగించిన పిట్‌మన్ ఆర్మ్ పక్కలకు ఊగి చక్రాలను మళ్ళిస్తుంది. జనరల్ మోటార్స్ వారి సాగినా విభాగం చేసిన ఈ గోళీల పెట్టె 1940 నాటి కాడిలాక్ కార్లలో వచ్చింది. నూనె ఒత్తిడితో చేతికి సాయం చేసే ఏర్పాటును ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1920 దశకంలోనే చేసి చూపించినా, అది అమ్మకానికి పెట్టిన కారులో జనం చేతికి అందింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్ ద్వారా. నా బండిలో ఉన్నది ఆ రెండు ఊహలూ ఒకే పెట్టెలో కలిసిన సాగినా వారి పవర్ స్టీరింగు. ఇప్పటి తేలికపాటి పికప్‌లు చాలావరకు ర్యాక్ అండ్ పినియన్‌కూ, విద్యుత్తు సాయానికీ మారిపోయాయి. అయినా బరువులు మోసే పెద్ద పికప్‌లలో, లారీలలో గోళీల పెట్టెలు నేటికీ ఉన్నాయి. అది చేతగాక మిగిలిన పాత సరుకు కాదు.

మనం బండిని ఎక్కువ కాలం తిన్నగానే నడుపుతాం. కనుక పళ్ళు ఎక్కువ అరిగేది నడిమి భాగంలో. పెట్టె మీద సర్దుబాటు మర ఒకటి ఉంటుంది. దాన్ని బిగిస్తే పళ్ళు దగ్గరకు జరిగి, మేస్త్రీలు ‘ప్లే’ అని పిలిచే వదులు తగ్గుతుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. అరిగిన నడిమి పళ్ళకు సరిపడేట్టు బిగిస్తే అరగని పక్క పళ్ళు పట్టేస్తాయి. మలుపు తిరిగాక చక్రం తనంతట తాను నడిమికి రాదు. నేను పావు చుట్టు బిగించి చూశాను. తిన్నని దారిలో వదులు మాయమైంది, మా వీధి మలుపు దగ్గర చక్రం తిప్పినచోటే నిలిచిపోయింది. వెంటనే మరను వెనక్కి వదిలేశాను. వదులుగా ఉన్న స్టీరింగు ఆలస్యంగా వింటుంది, పట్టేసిన స్టీరింగు అసలే వినకపోవచ్చు. ఈ రెండింటిలో రెండోదే ఎక్కువ భయంకరం.

వదులంతా పెట్టెదే అనుకోవడం కూడా పొరపాటే. నలుగురు దోషులు ఉండగా కనబడ్డవాణ్ణి పట్టుకుని శిక్షించినట్టు ఉంటుంది. బండిని నేల మీదే ఉంచి, చక్రాలకు అడ్డుపెట్టి, ఇంజను నడుస్తుండగా ఒకరు స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించాలి. మరొకరు బయట నుంచి ఒక్కో కీలునూ చూడాలి. కడ్డీకీ పెట్టెకీ మధ్య రబ్బరు, గుడ్డ కలిపి చేసిన బిళ్ళ ఒకటి ఉంటుంది. కడ్డీ తిరిగినా పెట్టెలోకి వెళ్ళే మొన తిరగకపోతే దోషం ఆ బిళ్ళది. మొన తిరిగినా పిట్‌మన్ ఆర్మ్ కదలకపోతే దోషం పెట్టెది. ఆర్మ్ కదిలినా చక్రాలు కదలకపోతే దోషం ఐడ్లర్ ఆర్మ్‌దో టై రాడ్ కొసలదో. పెట్టె మొత్తం చట్రం మీద కదులుతుంటే బోల్టులు వదులయ్యాయనో, చట్రమే పగిలిందనో అర్థం. ఆ తరం షెవర్లేలలో నాలుగు చక్రాలకూ శక్తి అందే బండ్ల చట్రం స్టీరింగు పెట్టె దగ్గర బీటలు వారడం ఈ బండ్లు ఎరిగిన వాళ్ళందరికీ తెలిసిన సంగతే. పగిలిన చట్రానికి కొత్త పెట్టె బిగించడం, పుచ్చిన దూలానికి వెండి తాపడం చేయించడం ఒకటే.

మా అబ్బాయిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి నేను బండి పక్కన పడుకుని చూశాను. రబ్బరు బిళ్ళ చీలికలు పడి ఉంది. ముప్పావుగంట శ్రమతో దాన్ని మారిస్తే వదులు సగానికి సగం తగ్గింది. ఇది ముందే చూసుకుని ఉండవలసింది, కాని అప్పటికే నేను పెట్టె కోసం డబ్బు కట్టి ఉన్నాను. మిగతా సగం మాత్రం పెట్టెదే. సెక్టర్ షాఫ్టును చేత్తో పట్టుకుని పక్కలకు ఊపితే అది ఊగుతోంది. అడుగు సీలు నుంచి నూనె కారుతోంది. షాఫ్టు తిరిగే చోటే అరిగిపోతే ఏ సర్దుబాటు మరా దాన్ని బాగుచేయలేదు. కనుక పెట్టె మార్చక తప్పదు. ఇప్పుడు ఏది తేవాలి?

ఇక్కడ నాలుగు దారులు కనిపిస్తాయి. ఒకటి, పాత బండ్ల దిబ్బలో మరొక బండి నుంచి విప్పుకోవడం. రెండు, విడిభాగాల దుకాణంలో తిరిగి బాగుచేసిన పెట్టె కొనడం. మూడు, మన పెట్టెనే స్టీరింగు పెట్టెలు మాత్రమే బాగుచేసే నిపుణుల దగ్గరకు పంపడం. నాలుగు, సరికొత్తది కొనడం. కొత్తవాటిలో ‘త్వరిత నిష్పత్తి’ పేరిట, తక్కువ తిప్పితే ఎక్కువ మళ్ళే పెట్టెలు కూడా దొరుకుతాయి.

నేను రెండో దారిన వెళ్ళాను. ధర తక్కువ, మర్నాటికల్లా వచ్చింది, జీవితకాలపు హామీ అని కూడా రాసి ఉంది. నిగనిగలాడే నల్లరంగు వేసి ఉంది. పాతదాన్ని తిరిగి ఇస్తే కొంత పూచీ సొమ్ము వెనక్కి ఇస్తారు. నేను మూడో రోజునే పాత పెట్టె అప్పగించి ఆ సొమ్ము తెచ్చుకున్నాను. కొత్తది బిగించి నడిపితే నడిమికి కాస్త ఎడమగా ఒకచోట చక్రం పట్టి, ఆపైన వదిలేస్తోంది. దుకాణం వారు మర్యాదగానే మార్చి ఇచ్చారు. రెండోది పట్టలేదు, కాని పది రోజుల్లో పై సీలు కారడం మొదలైంది. దాన్నీ మారుస్తామన్నారు. హామీ మాట తప్పలేదు. అయితే ఆ హామీ పెట్టెకే. నేను బండి కింద గడిపిన మూడు శనివారాలకూ, ఒలికిన నూనెకూ, అన్నిటికన్నా ముఖ్యంగా మలుపులో పట్టిన ఆ క్షణానికీ హామీ లేదు.

అప్పుడు నా పాత పెట్టె కావాలని అడిగాను. అది అప్పటికే ఏదో కర్మాగారానికి వెళ్ళిపోయిందన్నారు. దాని లోపలి మరచుట్టూ, గోళీల గాడీ బాగానే ఉండి ఉండవచ్చు. షాఫ్టు చోటు మాత్రమే అరిగి ఉండవచ్చు. ఆ బండితో పుట్టి, ఒక రైతు కుటుంబాన్ని మూడు దశాబ్దాలకు పైగా క్షేమంగా ఇల్లు చేర్చిన పెట్టెను చిల్లర సొమ్ముకు వదులుకున్నాను. ఇది నా మూడో తప్పు. మిగిలిన రెంటికన్నా ఎక్కువ బాధపెట్టేది కూడా ఇదే.

చిన్నప్పుడు మా మేనమామగారి జీపు స్టీరింగు పాడైతే విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. మేస్త్రీ గోనెపట్టా పరచి, పెట్టె విప్పి, గోళీలను అన్నం తినే స్టీలు పళ్ళెంలో పోసి లెక్కపెట్టాడు. ఒక్కో గోళీనీ వెలుతురుకు పట్టి చూశాడు. అరిగిన చోటును మామయ్య వేలితో తాకించి, “చూడండి బాబుగారూ, ఇదీ రోగం” అన్నాడు. ఆ తరువాతే ధర మాట్లాడారు. అమెరికాలో నాకు అమ్మిన రెండు పెట్టెల లోపల ఏముందో దుకాణంలో ఎవరూ చూడలేదు, చూసే అవకాశమూ వారికి లేదు. వారికి వచ్చేది మూసిన అట్టపెట్టె, వారు ఇచ్చేదీ మూసిన అట్టపెట్టే.

దీన్నిబట్టి మన దేశపు పద్ధతి గొప్పదనీ ఇక్కడి పద్ధతి నాసిరకమనీ నేను అనడం లేదు. అక్కడ ఆనాడు విడిభాగం ఖరీదు, మనిషి శ్రమ చవక. ఇక్కడ అది తలకిందులు. అందుకే అక్కడ విప్పుతారు, ఇక్కడ మారుస్తారు. ఆటోనగర్‌లోనూ అరిగిన గోళీలను తుడిచి మళ్ళీ వేసి పంపిన మేస్త్రీలు ఉండే ఉంటారు. పదివేల పెట్టెలు బాగుచేసే కర్మాగారంలో ఎక్కువ భాగం సవ్యంగానే వస్తాయని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. నా బాధ వేరు. సీళ్ళు మార్చి, కడిగి, రంగు వేస్తే ఏ పెట్టెయినా కంటికి కొత్తదే. లోపల మరచుట్టు గాడి అరిగిందో లేదో కొలిచారా, అరిగితే ఏం చేశారు అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి ఆ అమ్మకపు గొలుసులో ఎక్కడా లేడు. కారు అద్దం తుడిచే పుల్ల విషయంలో ఆ లోటు భరించవచ్చు. చుక్కాని విషయంలో భరించకూడదు.

చివరకు నేను మూడో దారికి వచ్చాను, చుట్టుతిరుగుడుగా. పాత బండ్ల దిబ్బలో నా ఏడాదికి సరిపోయే బండి వెతికి, దాని పెట్టె విప్పుకున్నాను. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. సాగినా పెట్టెలన్నీ బయటికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. 1980 ప్రాంతంలో నూనె గొట్టాల బిగింపు మారింది. అంతకు ముందువి కొస విప్పారిన గొట్టాలు, తరువాతివి రబ్బరు వలయంతో మెట్రిక్ కొలతలవి. మొనకున్న పళ్ళ సంఖ్య మారవచ్చు. రెండు చక్రాల బండి పెట్టె, నాలుగు చక్రాల బండి పెట్టె ఒకటి కావు. కార్ల నుంచి వచ్చిన కొన్ని పెట్టెల్లో లోపలే ఒక ఆపుదల ఉంటుంది. అలాంటిది పికప్‌కు బిగిస్తే చక్రాలు పూర్తిగా మళ్ళవు, ఇరుకు చోట్ల తిప్పడానికి నానాపాట్లు పడాలి. కనుక ‘ఇది సరిపోతుంది’ అన్న మాటను నమ్మకుండా పాతదాన్ని పక్కన పెట్టుకుని గొట్టం రంధ్రాలు, మొన పళ్ళు, బోల్టుల చోట్లు, ఒక కొస నుంచి మరో కొసకు ఎన్ని చుట్లు తిరుగుతోందో సరిచూసుకోవాలి. అది చేయాలంటే పాత పెట్టె మన దగ్గరే ఉండాలి. పూచీ సొమ్ము ఎక్కడికీ పోదు, ఆఖరున తీసుకోవచ్చు.

దాన్ని స్టీరింగు పెట్టెలే వృత్తిగా బాగుచేసే చోటుకు పంపాను. ధర దుకాణపు పెట్టెకు రెట్టింపు దాటింది, మూడు వారాలు పట్టింది. పంపేముందు ఫోనులో మూడు ప్రశ్నలు అడిగాను. గోళీలు పాతవే వేస్తారా అంటే, గాడి అరుగుదలను కొలిచి దానికి తగ్గట్టు వెంట్రుకవాసి లావైన గోళీలు వేస్తామన్నారు. షాఫ్టు సంగతి అడిగితే, అది తిరిగే చోట కొత్త బేరింగు వేస్తామనీ, షాఫ్టు మీద గీతలు ఉంటే షాఫ్టే మారుస్తామనీ చెప్పారు. ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారా అంటే, పరీక్షించకుండా ఏదీ బయటికి పోదన్నారు. మాట్లాడింది ఆ పని చేసే మనిషే. నాకు ఆ జవాబులకన్నా, జవాబు చెప్పడానికి ఒక మనిషి ఉండడం ఎక్కువ ధైర్యాన్నిచ్చింది.

త్వరిత నిష్పత్తి పెట్టెల గురించి కూడా నా అభిప్రాయం చెప్పి ముగిస్తాను. ఆనాటి సాగినా పెట్టెల్లో 17.5:1 బాగా వాడుకలో ఉన్న నిష్పత్తి. స్టీరింగు 17.5 డిగ్రీలు తిప్పితే సెక్టర్ షాఫ్టు ఒక డిగ్రీ తిరుగుతుందన్నమాట. ఆటకార్లకు 12.7:1 పెట్టెలు వచ్చాయి. వాటిని పికప్‌కు బిగించి మురిసిపోయేవాళ్ళు ఉన్నారు, వారి ఆనందాన్ని నేను కాదనను. కాని మట్టి నింపుకున్న బండి వెనుక బరువుకు ముందు చక్రాల పట్టు కొంత తగ్గుతుంది. అప్పుడు చేతి చిన్న ఉలికిపాటు కూడా దారి మీద పెద్ద కదలికైతే అది వరం కాదు. నడపడం కొత్తగా నేర్చుకునే కుర్రవాడి చేతికైతే అసలే వద్దు. తయారుచేసినవాళ్ళు బండి బరువు, టైర్లు, స్ప్రింగులు చూసుకుని ఒక నిష్పత్తి నిర్ణయించారు. దాన్ని మార్చడానికి కారణం చూపవలసిన భారం మనదే.

బిగించేటప్పుడు పట్టుకున్న జాగ్రత్తలు కూడా రెండు ముక్కల్లో. పిట్‌మన్ ఆర్మ్‌ను దాని కోసమే ఉన్న పుల్లర్‌తో ఊడదీయాలి, షాఫ్టు మీద సుత్తి దెబ్బ పడితే లోపల బేరింగులు దెబ్బతింటాయి. పాత నూనె పూర్తిగా కడగాలి, లేకపోతే పాత పంపు వదిలిన లోహపు రజను కొత్త పెట్టెలోకి చేరుతుంది. ఒక కొస నుంచి మరో కొసకు చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగంలో నిలిపి అప్పుడే కడ్డీకి కలపాలి. నడిమి చోటు తప్పితే, మంచి పెట్టె కూడా తిన్నని దారిలో వదులుగానే ఉంటుంది. ముందు చక్రాలు పైకి లేపి, ఇంజను ఆపి, స్టీరింగును నెమ్మదిగా ఇరవైసార్లు ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పితే గాలి బయటికి పోతుంది. ఆపైన చక్రాల అమరిక చేయించాలి.

ఈ లెక్కంతా చూస్తే నేను మొదట ఆదా చేద్దామనుకున్న సొమ్ము కన్నా ఎక్కువే ఖర్చయింది. మొదటి రోజే బండి పక్కన పడుకుని చూసి, రబ్బరు బిళ్ళ మార్చి, నా పెట్టెనే పంపి ఉంటే తక్కువలో పోయేది. పాత పికప్ ఉన్న మిత్రులకు నేను చెప్పేది ఇంతే. ముందు దోషి ఎవరో తేల్చుకోండి. పెట్టె అయితే, లోపల ఏం చేశారో చెప్పగల మనిషి దగ్గర బాగుచేయించుకోండి. బండి వారం రోజులు నడిచేదాకా పాత పెట్టెను ఎవరికీ ఇవ్వకండి.

మొన్న ఆదివారం మా అబ్బాయి ఖాళీ బడి ఆవరణలో బండి నడిపాడు. మలుపు తిప్పి చేతులు సడలించగానే చక్రం తనంతట తాను నడిమికి వచ్చింది. వాడికి అందులో వింతేమీ కనిపించలేదు. బండ్లన్నీ అలాగే ఉంటాయి కదా అన్నాడు. అవునన్నాను.